బొక్క ఎందుకు కరుగుతుంది? ప్రొటీన్ల కూల్చివేత, ఎముక బలం, రోగనిరోధక శక్తి: ఒక సమీక్ష

“బొక్కలు కరిగిపోయినయట బిడ్డా!” అన్నది పెద్దమ్మ. సిద్దిపేటలో ఆసుపత్రి మంచం మీద, తుంటి విరిగిన కాలు కింద దిండు పెట్టి పడుకోబెట్టారు. చంద్లాపూర్‌లో సొంత ఇంటి గడప దాటబోయి పడింది. గడప ఎత్తు జానెడు కూడా ఉండదు. అంతకు ఆరు నెలల ముందు ఆమెకు నడుము పక్కన అక్కి లేచింది. జాజు రాయించాం, వేపాకు పరిచి పడుకోబెట్టాం, ఆ మంటకు రెండు వారాలు ఆమెకు కంటిమీద కునుకు లేదు. అది ఒక కష్టం, ఇది ఇంకొక కష్టం అనుకున్నాం ఇంట్లో అందరం. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఆమె చేతిసంచిలోని గోలీల పొట్లం విప్పించాడు. మోకాళ్ల నొప్పులకని నాలుగేళ్లుగా ఊళ్లో తెచ్చుకుని మింగుతున్న చిన్న తెల్ల గోలీ స్టెరాయిడ్ అని అప్పుడు తెలిసింది. విరిగిన తుంటికీ, లేచిన అక్కికీ ఆ ఒక్క గోలీయే దారి వేసి ఉండవచ్చని ఆయన చెప్పాడు.

“గంటల నొప్పి గుంజేసేది బిడ్డా ఆ గోలీ” అని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. అది అబద్ధం కాదు. నొప్పి నిజంగానే తగ్గేది.

ఒకే మందు అటు ఎముకను, ఇటు రోగాన్ని ఆపే శక్తిని ఎలా దెబ్బతీస్తుంది? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే గత తొంభై ఏళ్ల జీవశాస్త్రంలో ఒక పెద్ద పాయ మొత్తం ఎదురైంది. దాని పేరు ప్రొటీన్ల విచ్ఛిత్తి, అంటే శరీరం తాను కట్టుకున్న ప్రొటీన్లను తానే కూల్చుకోవడం. మన ఇళ్లలో ఆరోగ్యం మాట వస్తే అన్నీ కట్టే మాటలే: కాల్షియం, పాలు, గుడ్డు, బలం మందు. కూల్చే పని గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఎముక బలమైనా, రోగనిరోధక శక్తి అయినా, కూల్చే పని ఎంత చక్కగా జరుగుతోంది అన్నదాని మీదే సగం ఆధారపడి ఉందని ఈ చదువు తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

పాత సంగతితో మొదలుపెడతాను. 1930ల దాకా శరీరాన్ని ఒక యంత్రంలా చూసేవారు. యంత్రం ఒకసారి తయారయ్యాక అలాగే ఉంటుంది, తిండి దానికి నూనె లాంటిది అని నమ్మకం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ బరువైన నైట్రోజన్‌తో గుర్తు వేసిన అమినో ఆమ్లాలను ఎలుకలకు తినిపించాడు. తిన్నది తిన్నట్టు మూత్రంలో పోతుందనుకుంటే, చాలాభాగం కండరాల్లో, కాలేయంలో, రక్తంలో ఉన్న ప్రొటీన్లలోకి చేరిపోయింది. ఎలుక బరువు మాత్రం పెరగలేదు. అంటే పాతవి పోతూ కొత్తవి వస్తున్నాయన్నమాట. ఎదిగిన మనిషి ఒంట్లో రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ కూలి మళ్లీ తయారవుతుందని ఇప్పటి అంచనా. మనం రోజూ తినేది అందులో నాలుగోవంతు కూడా ఉండకపోవచ్చు. మిగతాదంతా కూల్చిన ఇంటి ఇటుకలే.

మన సిద్దిపేట జిల్లావాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీశారు, తీసిన ఒండ్రు మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. పూడిక తీయకపోతే చెరువు పనికిరాకుండా పోతుంది. తీసిన మట్టి వృథా పోదు. కణంలో జరిగేదీ ఇంచుమించు ఇదే.

అయితే ఇక్కడ శాస్త్రవేత్తలను పాతికేళ్లు తికమకపెట్టిన చిక్కు ఒకటి ఉంది. దాన్ని చెప్పడానికి మళ్లీ చంద్లాపూర్‌కే రావాలి. ఊరిని ఆనుకుని రంగనాయకసాగర్ ఉంది. కాళేశ్వరం నీళ్లు నిలిపే 3 టీఎంసీల జలాశయం. 2020 ఏప్రిల్ 24న అక్కడ మోటార్లు ఆన్ చేశారు. ఒక్కొక్కటి 134 మెగావాట్ల మోటార్లు నాలుగు. ఆ నీళ్లను పైకి ఎత్తడానికి అంత కరెంటు కావాలంటే ఎవరికైనా సబబుగానే ఉంటుంది. అదే నీటిని కాలువలోకి వదలడానికి అంత కరెంటు కావాలంటే నమ్ముతామా? తూము ఎత్తితే చాలు, పల్లానికి నీరు దానంతటదే పారుతుంది. ప్రొటీన్ విరగడం కూడా పల్లానికి పారడం లాంటిదే. మన కడుపులో పప్పును, మాంసాన్ని పెప్సిన్ విరగ్గొడుతుంది, అందుకు కణం శక్తి ఖర్చుపెట్టదు. కానీ 1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు ముక్కల మీద చేసిన ప్రయోగంలో, కణం లోపల ప్రొటీన్ కూలాలంటే శక్తి కావాల్సిందేనని తేలింది. పల్లానికి పారే నీటికి మోటారు ఎందుకు?

ఆ శక్తి పేరు ఏటీపీ. ఇక్కడ ఒక తెలుగువాడి పేరు తలచుకోక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల నుంచి బయటకు తీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. కణం చేసే పనులన్నిటికీ చెల్లింపులు జరిగే నాణెం అది. ఈ వ్యాసంలో సుబ్బారావు పేరు ఇంకో రెండుచోట్ల వస్తుంది. నేను వెతుక్కుంటూ పోలేదు, ఏ దారిన పోయినా ఆయనే ఎదురయ్యారు.

సింప్సన్ చిక్కును విప్పినవాళ్లు ఇజ్రాయెల్‌లోని హైఫాలో పనిచేసిన అవ్రమ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ చిహనోవర్, వాళ్లతో కలిసిన అమెరికన్ అర్విన్ రోజ్. 1970ల చివర, 1980ల మొదట్లో చేసిన ఆ పనికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్లు చూపించింది ఇది. కూల్చాల్సిన ప్రొటీన్ మీద కణం ముందు ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు 76 అమినో ఆమ్లాల చిన్న ప్రొటీన్, పేరు యుబిక్విటిన్. ఇళ్ల కూల్చివేతకు ముందు గోడ మీద ఎర్రరంగు గీత గీసినట్టు, ఒకదాని వెనుక ఒకటిగా నాలుగైదు గుర్తులు పడ్డాక ఆ ప్రొటీన్ ప్రోటియజోమ్ అనే పీపా ఆకారపు యంత్రంలోకి పోతుంది, ముక్కలై బయటికి వస్తుంది. ఏటీపీ ఖర్చయ్యేది గుర్తు వేయడానికి, ముడుచుకున్న ప్రొటీన్‌ను విప్పి పీపాలోకి తోయడానికి. ఆ ఖర్చంతా ఎవరిని కూల్చాలో, ఎప్పుడు కూల్చాలో ఎంచుకుని కూల్చడం కోసమే. గుర్తు ఎవరికి వేయాలో తేల్చే ఎంజైములు మనిషిలో ఆరువందల దాకా ఉన్నాయి. ఇంత పెద్ద వ్యవస్థను శరీరం చెత్త ఊడ్వడానికి మాత్రమే పెట్టుకుంటుందా?

కూల్చే మార్గం ఇంకొకటి కూడా ఉంది. కణం తనలోని పాత భాగాలను సంచిలో చుట్టి జీర్ణం చేసుకునే ఆటోఫజీ. దాన్ని విడమరిచినందుకు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు. అది వేరే వ్యాసమంత విషయం, ఇక్కడ పేరు చెప్పి వదిలేస్తున్నాను.

ఇప్పుడు ఎముక దగ్గరకు. మనం ఎముక అంటే సున్నం అనుకుంటాం. ఎముకలో సున్నపు ఖనిజం ఎంత ముఖ్యమో, దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ అల్లిక అంత ముఖ్యం. ఆ అల్లికలో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెన్. ఖనిజం గట్టిదనం ఇస్తే కొల్లాజెన్ వంగే గుణం ఇస్తుంది. కొల్లాజెన్ పోయిన ఎముక సుద్దముక్కలా పటుక్కున విరుగుతుంది. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు పదో వంతు కూలి మళ్లీ తయారవుతుంది. కూల్చే కణాలు ఆస్టియోక్లాస్టులు, కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. ఆస్టియోక్లాస్ట్ ఎముకకు అంటుకుని, తన కింద గాలి చొరనంత గట్టిగా ఒక గిన్నె మూసినట్టు మూసి, ఆ జాగాలోకి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరుగుతుంది. తర్వాత కథెప్సిన్ కె అనే ఎంజైము బయటపడ్డ కొల్లాజెన్‌ను కోస్తుంది. ఒక చోట తవ్వడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది. అదే గుంటను పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పెద్దమ్మ లాంటి వాళ్ల కష్టానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. తవ్వే గుంటలు కాస్త పెరిగినా చాలు, పూడ్చేవాళ్లు ఎప్పటికీ అందుకోలేరు.

అలాగని తవ్వకాన్ని ఆపేస్తే? ఆ ప్రయోగం ప్రకృతే చేసి చూపింది. కథెప్సిన్ కె జన్యువు చెడిన పిల్లలకు పిక్నోడిసోస్టోసిస్ అనే అరుదైన జబ్బు వస్తుందని 1996లో తేలింది. వాళ్ల ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. అయినా చిన్న దెబ్బకే విరుగుతుంది. పాతది పోక, పగుళ్లు మరమ్మతు కాక, దట్టమైన ఎముకే పెళుసు ఎముక అవుతుంది. ఆస్టియోక్లాస్టులు అసలే పనిచేయని ఆస్టియోపెట్రోసిస్ ఇంకా కఠినమైనది. ఎముక లోపలి మజ్జ ఉండే ఖాళీ కూడా ఎముకతో నిండిపోతుంది. మజ్జ లేకపోతే రక్తం లేదు, తెల్లకణాలు లేవు. ఆ పిల్లలు రక్తహీనతతో, వరుస ఇన్ఫెక్షన్లతో బాధపడతారు. కూల్చే పని ఆగితే రోగనిరోధక శక్తికి నిలువనీడ కూడా ఉండదు. దీనికి మజ్జ మార్పిడి చికిత్స, ఎందుకంటే ఆస్టియోక్లాస్టులు పుట్టేది రక్తకణాల వంశంలోనే. ఎముకను తవ్వే కూలీ, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ ఒకే తల్లి పిల్లలు.

గట్టి ఎముక వేరు, బలమైన ఎముక వేరు అన్న సంగతి తెలుగు నేల చాలా కాలంగా తన ఒంటి మీదే భరిస్తోంది. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు గ్రామాల్లో, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ ఎముకలను ఎలా వంచుతోందో 1937లోనే షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో వివరించారు. ఫ్లోరైడ్ చేరిన ఖనిజం ఆస్టియోక్లాస్ట్ ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. వెన్నెముక కొయ్యబారిపోతుంది, అయినా మనిషి కూలబడిపోతాడు. ఫ్లోరోసిస్‌లో ఇంకా చాలా కారణాలు కలగలిసి ఉన్నాయి, తిండిలో కాల్షియం కొరత అందులో ముఖ్యమైనది. కూల్చే పనికి అడ్డుపడటం ఆ కారణాల్లో ఒకటి.

ఈ పాఠం తెలిసినా మందుల కంపెనీలు ఒక ఆశ వదులుకోలేదు. కథెప్సిన్ కె ని పూర్తిగా కాక కొంచెం అదుపు చేస్తే ముసలితనంలో ఎముక నిలబడుతుందేమో అన్నది ఆ ఆశ. ఒడానాకాటిబ్ అనే మందు పెద్ద పరీక్షల్లో ఎముక విరగడాన్ని నిజంగానే తగ్గించింది. కానీ పక్షవాతం ముప్పు పెరిగిందని తేలి 2016లో దాన్ని ఆపేశారు. ఒక అవయవంలో కూల్చే కత్తి ఇంకో అవయవంలో కూడా ఏదో పని చేస్తుంటుంది. దాన్ని మనం పూర్తిగా లెక్కపెట్టలేదు.

రోగనిరోధక శక్తికి ప్రొటీన్ విచ్ఛిత్తి ఎందుకు? ఊళ్లోకి దొంగ చొరబడి ఒక ఇంట్లో తలుపేసుకుని దాక్కున్నాడనుకోండి. బయట తిరిగే గస్తీవాళ్లకు తెలిసేదెట్లా? వైరస్ కణంలో దాక్కున్నప్పుడు సరిగ్గా ఇదే ఇబ్బంది. కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్లన్నిటి నుంచీ కొన్నింటిని ప్రోటియజోమ్‌లో వేసి, ఎనిమిది నుంచి పది అమినో ఆమ్లాల ముక్కలుగా కోసి, వాటిని తన గోడ బయట ఎంహెచ్‌సి అనే పళ్లెంలో పెట్టి చూపిస్తుంది. ఇంట్లో ఏం వండుతున్నామో వాకిట్లో పెట్టి చూపినట్టు. గస్తీ తిరిగే టి కణాలు ఆ ముక్కను చూసి, ఇది మన వంటే, ఇది మనది కాదు అని తేల్చుకుంటాయి. సొంత పళ్లెంలో పరాయి ముక్క ఉంటేనే టి కణం కదులుతుందని రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ 1974లో చూపారు. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతంతో కణం తన ప్రోటియజోమ్‌లోని కత్తులు మార్చుకుంటుంది కూడా. పళ్లెంలో బాగా అమరే ముక్కలు కోసే కత్తులు అవి. ఈ కత్తుల్లో ఒకటి పుట్టుకతోనే చెడితే, లోపల చెత్త పేరుకుని, శత్రువు లేకుండానే శరీరం అంతటా జ్వరం, వాపు, కీళ్లు బిగుసుకోవడం వస్తాయి. జపాన్‌లో నకాజో, నిషిమురా పేర్లతో గుర్తించిన జబ్బు అలాంటిదే.

ఇంకొక ఉపయోగం ఇంతకంటే సున్నితమైనది. కణంలో ఎన్ఎఫ్ కప్పా బి అనే ప్రొటీన్ ఉంది. వాపు పుట్టించే జన్యువులను లేపేది అది. మామూలు వేళల్లో ఐ కప్పా బి అనే మరో ప్రొటీన్ దాన్ని గుంజకు కట్టేసి ఉంచుతుంది. ప్రమాదం వచ్చిందంటే కణం ఆ కట్టుకు యుబిక్విటిన్ గుర్తు వేసి ప్రోటియజోమ్‌కు పంపుతుంది. కట్టు తెగుతుంది, ఎన్ఎఫ్ కప్పా బి నిమిషాల్లో కేంద్రకంలోకి పరుగెత్తుతుంది. కొత్తగా ఏదీ తయారు చేయాల్సిన పనిలేదు. సైన్యాన్ని కదిలించడానికి ఒక తాడు తెంపితే సరిపోయింది. స్టెరాయిడ్లు చేసే పనుల్లో ఒకటి ఆ కట్టుతాడును ఎక్కువెక్కువగా పేనించడం. అందుకే పెద్దమ్మ నొప్పి తగ్గేది, అందుకే ఆమె వెన్నులో ఎన్నేళ్లుగానో నిద్రపోతున్న ఆటలమ్మ వైరస్ అక్కి రూపంలో లేచి ఉండవచ్చు. అదే మందు ఎముక కట్టే కణాలను చంపి, కూల్చే కణాలకు ఊతం ఇచ్చి, కండరాల్లో ప్రొటీన్లకు కూల్చివేత గుర్తులు వేసే ఎంజైములను పెంచుతుంది. ఎముక పలచబడిన మనిషికి కండ కూడా కరిగితే కాలు తడబడుతుంది. జానెడు గడపే చాలు.

ఎముక పండితులు ఒక ఊళ్లో, రోగనిరోధక పండితులు ఇంకో ఊళ్లో ఉన్నట్టు చాలాకాలం ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. 1997లో టి కణాల మీద పనిచేస్తున్నవాళ్లు ఒక సంకేత ప్రొటీన్‌ను కనుక్కున్నారు. 1998లో ఆస్టియోక్లాస్టులను పుట్టించే సంకేతం కోసం వెతుకుతున్నవాళ్లు ఇంకొకటి కనుక్కున్నారు. తీరా చూస్తే రెండూ ఒకటే. ఇప్పుడు దాన్ని ర్యాంక్ లిగాండ్ అంటున్నారు. 1999లో దాని జన్యువు తీసేసిన ఎలుకలను పరీక్షిస్తే, వాటి ఎముకలు రాయిలా గట్టిపడ్డాయి, పళ్లు మొలవలేదు, లింఫ్ గ్రంథులే ఏర్పడలేదు. ఒక్క ప్రొటీన్ లేకపోతే ఎముకా చెడింది, రక్షణ ఠాణాలూ పోయాయి. మరుసటి ఏడాదే ఈ రెండు శాస్త్రాలకూ కలిపి ఆస్టియోఇమ్యునాలజీ అన్న పేరు పుట్టింది.

2000 సంవత్సరంలోనే హిరోషి తకయనగి బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి గుండెకాయ. కీళ్లవాతంలో టి కణాలు ఎముక చుట్టూ చేరి ర్యాంక్ లిగాండ్ వదులుతాయి. ఆ లెక్కన ఎముకంతా తినేయబడాలి. పూర్తిగా ఎందుకు తినబడదు? ఎందుకంటే అవే టి కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా కూడా వదులుతాయి. అది ఆస్టియోక్లాస్ట్ కాబోయే కణంలోకి సంకేతం పంపి, ర్యాంక్ లిగాండ్ కబురును లోపలికి మోసే ట్రాఫ్ 6 అనే ప్రొటీన్‌కు కూల్చివేత గుర్తు వేయిస్తుంది. ప్రోటియజోమ్ ట్రాఫ్ 6ను తినేస్తుంది, కబురు అక్కడే ఆగుతుంది. రోగనిరోధక కణం ఒక చేత్తో ఎముకను తవ్వమంటుంది, ఇంకో చేత్తో ప్రొటీన్ విచ్ఛిత్తి ద్వారా ఆపుతుంది. కీళ్లవాతంలో చెడేది ఈ తూకం. ఆ జబ్బులో ఇంటర్‌ఫెరాన్ గామా కీలులో అంత బలంగా ఉండదు, 17వ నంబరు ఇంటర్‌ల్యూకిన్ వదిలే మరో రకం టి కణాలదే పెత్తనం అని తర్వాతి పరిశోధనలు దిద్దాయి.

కీళ్లవాతానికి ఇవాళ ముందు రాసే మందు మెథోట్రెక్సేట్. సుబ్బారావు పేరు రెండోసారి ఇక్కడ. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుళ్లుగా తయారుచేసిన మందుల కుటుంబంలోది ఇది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తొలిసారి తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వాడాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మూడోసారి కూడా చెప్పేస్తాను. ఆయన విభాగంలోనే 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మొదటి టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ మందులు కొత్తగా కడుతున్న ఎముకకు అంటుకుని, ప్రత్యేక కాంతిలో పసుపుగా మెరుస్తాయి. కొన్నిరోజుల ఎడంతో రెండు మోతాదులిచ్చి, రెండు పసుపు గీతల మధ్య దూరం కొలిచి, ఎముక ఎంత వేగంగా తయారవుతోందో లెక్కకట్టడం నేటికీ పద్ధతి. పైగా ఇవి కొల్లాజెన్‌ను కోసే ఎంజైములను అణచగలవని తేలి, అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను తక్కువ మోతాదులో చిగుళ్ల జబ్బుకు 1998 నుంచి అమెరికాలో వాడుతున్నారు. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసేనాటికి వీటిలో చాలా సంగతులు ఎవరికీ తెలియవు.

ఎముక, రోగనిరోధకత, ప్రొటీన్ విచ్ఛిత్తి మూడూ ఒకే మంచం మీద కలిసే జబ్బు మల్టిపుల్ మైలోమా. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు మజ్జలో క్యాన్సర్‌గా మారి, చుట్టూ ఎముకను తొలిచేయిస్తాయి. నడుము నొప్పి అని నెలల తరబడి గోలీలు మింగిన తర్వాత బయటపడే జబ్బు ఇది. ఈ కణాలు పగలూ రాత్రీ ప్రొటీన్ తయారుచేస్తాయి కాబట్టి వాటిలో చెత్త కూడా ఎక్కువ. ప్రోటియజోమ్‌ను అడ్డుకుంటే తమ చెత్తలో తామే మునిగిపోతాయి. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజొమిబ్ చేసేది అదే. ఎముక కట్టే కణాల్లో కూడా అది కొంత ఉత్సాహం తెస్తుంది. అయితే వాడేవాళ్లలో అక్కి లేచే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ముందుజాగ్రత్తగా వైరస్ మందు కలిపి ఇస్తారు. పళ్లెంలో ముక్కలు పెట్టే పని కుంటుపడితే గస్తీ గుడ్డిదవుతుందన్నదానికి ఇది ఒక నిదర్శనం కావచ్చు.

ఇదే జబ్బుకు వాడే లెనలిడొమైడ్ ఇంకో వైపు నుంచి వస్తుంది. దాని తల్లి మందు థాలిడొమైడ్ 1950ల చివర్లో, 1960ల మొదట్లో వేలమంది పసిపిల్లల కాళ్లూ చేతులూ పోగొట్టింది. ఆ మందు సెరెబ్లాన్ అనే గుర్తులు వేసే ఎంజైముకు అతుక్కుంటుందని 2010లో, లెనలిడొమైడ్ ఆ ఎంజైము చేత మైలోమా కణాలకు ప్రాణాధారమైన రెండు ప్రొటీన్లను కూలగొట్టిస్తుందని 2014లో తెలిసింది. కణంలోని కూల్చే కూలీకి మనమే చిరునామా రాసి ఇవ్వగలమన్నమాట. ఈ ఊహ మీద ఇప్పుడు కొత్త మందుల కుటుంబమే పెరుగుతోంది. బోర్టెజొమిబ్, లెనలిడొమైడ్ రెండిటికీ జనరిక్‌లు మన హైదరాబాద్‌లో తయారవుతున్నాయి. ఇక్కడి నాట్కో కంపెనీ తయారుచేసిన లెనలిడొమైడ్ 2022 మార్చిలో టెవా కంపెనీ ద్వారా అమెరికా మార్కెట్టుకు కూడా వెళ్లింది.

మైలోమా కొద్దిమందికే వస్తుంది. ఊరూరా ఉన్న సమస్య వేరు. చంద్లాపూర్ వాకిళ్లలో నలుగురు నడివయసు ఆడవాళ్లు కూర్చుంటే “గర్భసంచి తీసేయించుకున్న” అన్న మాట వినిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో వందకు ముగ్గురికి కాస్త పైన ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అవి ఉంచినా ముట్లుడిగే వయసు ముందుకు రావచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం టి కణాలను, ర్యాంక్ లిగాండ్‌ను అదుపులో ఉంచుతుంది. అది పోతే తవ్వే గుంటలు పెరుగుతాయి. నలభై దాటకముందే ఆ ఆపరేషన్ అయిన మనిషికి అరవై ఏళ్లకు రావాల్సిన ఎముక బలహీనత యాభైకే రావచ్చు. అవసరం లేని చోట ఆ ఆపరేషన్ చేయడం ఎముకల మీద చేసిన అన్యాయం అని నేను గట్టిగా అంటాను. చేయించుకున్న ప్రతి స్త్రీకీ ఎముక సాంద్రత పరీక్ష గురించి చెప్పాల్సిన బాధ్యత వైద్యులదే.

తిండి మాటకు వస్తే, పెద్దమ్మ ఇంటికి వచ్చిన నాటి నుంచి చుట్టాలంతా పొట్టేలు కాళ్ల షోర్వ తెచ్చి తాగిస్తున్నారు. బొక్కకు బొక్క బలం అని నమ్మకం. షోర్వలోని కొల్లాజెన్ కడుపులో ముక్కలై అమినో ఆమ్లాలుగా మారుతుంది, నేరుగా తుంటికి పోయి అతుక్కోదు. అందులో కాల్షియం కూడా చాలా తక్కువ. రుచికి తాగితే తప్పు లేదు. పెద్దలకు రోజుకు ఒక్కో కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పళ్లెం నిండా అన్నం, పైన పలచని చారు అయితే ఆ లెక్క ఏనాటికీ తీరదు. పప్పు, గుడ్డు, పెరుగు, రాగి జావ, పొద్దుటి ఎండలో నడక, ఇవి పాత మాటలే. కూల్చే పని ఆగదు కాబట్టి, కట్టేవాళ్లకు సామాను రోజూ అందాలి.

ఇంకా తేలని విషయాలు ఉన్నాయి. ర్యాంక్ లిగాండ్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ 2010 నుంచి వాడుకలో ఉంది. ఆరు నెలలకో సూది, ఎముక బాగా నిలబడుతుంది. కానీ సూది మధ్యలో ఆపేస్తే ఆగిన తవ్వకం అంతా ఒక్కసారిగా మొదలై వెన్నుపూసలు విరిగినవాళ్లున్నారు. ప్రోటియజోమ్‌ను అడ్డుకునే మందులను మామూలు ఎముక క్షీణతకు వాడదామన్న ఆలోచన ఎలుకల్లో బాగుంది, మనుషుల్లో వాటి దుష్ఫలితాలు ఆ జబ్బుకు మోయరానివి. కూల్చే పనిని శరీరమంతా ఆపడం కంటే, ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కో గుర్తును అదుపు చేయడమే రాబోయే దారి అని నా నమ్మకం.

పెద్దమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని చంద్లాపూర్ వాకిలి దాకా నడుస్తోంది. స్టెరాయిడ్ గోలీని డాక్టరు ఒక్కరోజులో మాన్పించలేదు, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు. ఏళ్ల తరబడి వాడాక ఉన్నట్టుండి ఆపితే శరీరానికి సొంత స్టెరాయిడ్ అందక ప్రాణాపాయం. మీ ఇంట్లో పెద్దవాళ్లు కీళ్ల నొప్పులకు చీటీ లేని గోలీ ఏదైనా మింగుతుంటే, దాని పేరేమిటో ఈ వారంలోనే కనుక్కోండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న మాట అట్ట మీద కనిపిస్తే మీ అంతట మీరు ఆపించకండి. ఆ అట్టను పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి.